ఉచితంగా ఇచ్చే ఫొటోకూ షరతులు కావాలి

వన్యప్రాణి ఫొటోగ్రాఫర్లకు సంరక్షణ సంస్థల నుంచి వచ్చే అభ్యర్థన చాలావరకు రెండు ముక్కల్లో ముగుస్తుంది. మీ ఫొటో బాగుంది, మా పోస్టరుకు వాడుకుంటాం, కింద మీ పేరు వేస్తాం. జవాబు అంతకన్నా చిన్నది: సరే, వాడుకోండి. ఎన్నాళ్లు వాడతారు, ఆ తర్వాత ఆ ఫైలు ఎవరి కంప్యూటర్లోకి పోతుంది, ఫొటో కింద ఏం రాస్తారు, ఆ ప్రాణి ఎక్కడ దొరికిందో బయటపెడతారా, పోస్టరు ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్న ప్రశ్నలు ఇటువాళ్లూ అడగరు, అటువాళ్లూ చెప్పరు. అడిగితే డబ్బు మనిషి అనుకుంటారేమోనని ఫొటోగ్రాఫరుకు మొహమాటం. కాగితం ముందు పెడితే ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారేమోనని సంస్థకు జంకు. మంచి పనికి లెక్కలెందుకు అన్న మాటతో ఇద్దరూ సర్దుకుపోతారు. ఇందులో నష్టపోయేది ఫొటోగ్రాఫరు ఒక్కరే అయితే అది ఆ వృత్తివాళ్లు తమలో తాము తేల్చుకోవలసిన వ్యవహారం. నష్టం అడవిదాకా పోతోంది కాబట్టి అందరం పట్టించుకోవలసి వస్తోంది. సంరక్షణ కోసం ఫొటో ఉచితంగా ఇవ్వడం మంచి పని. అయితే షరతులేవీ రాసుకోకుండా ఇచ్చిన ఫొటో, ఏ ప్రాణి కోసం ఇచ్చామో దానికే చేటు తేగలదు. ఆ షరతుల్లో డబ్బుకు సంబంధించినవి కొన్నే. మిగిలినవన్నీ ఫొటో చెప్పే నిజాన్ని కాపాడేవి.

ఒక ఫొటో ఎంత పని చేయగలదో టాస్మేనియా చూపించింది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న ఆ ద్వీపంలో ఫ్రాంక్లిన్ నదిని ముంచేసే జలవిద్యుత్ ఆనకట్ట కట్టి తీరాలని అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ నది మలుపు ఒకదాన్ని పీటర్ డోంబ్రోవ్‌స్కిస్ ఉదయపు మంచులో ఫొటో తీశారు. 1983 మార్చి 5న జరిగిన జాతీయ ఎన్నికలకు ముందు వైల్డర్‌నెస్ సొసైటీ ఆ ఫొటోను పత్రికల్లో రంగుల ప్రకటనగా వేయించి, దీన్ని నాశనం చేసే పార్టీకి ఓటు వేయగలరా అని ఓటర్లను అడిగింది. ఆనకట్టను ఆపుతామన్న లేబర్ పార్టీ గెలిచింది. ఆ ఏడాది జూలై 1న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 4-3 మెజారిటీతో కేంద్ర ప్రభుత్వాన్ని సమర్థించింది. నది బతికింది. అంతకు పదకొండేళ్ల ముందు అదే ద్వీపంలో పెడర్ సరస్సు కోసం ఒలెగాస్ ట్రుచానాస్ తన స్లైడ్ల ప్రదర్శనలతో ఎంతోమందిని కదిలించినా 1972లో ఆ సరస్సు మునిగిపోయింది. కాబట్టి ఫొటో ఒక్కటే నదిని కాపాడిందంటే అది అతిశయోక్తి. నిరసనలు, అరెస్టులు, న్యాయవాదుల శ్రమ అన్నీ కలిశాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి వేరే ఉంది. ఆ ప్రకటనలో ఫొటో ఏ నదిదో, ఎవరు తీశారో, దాని ఆధారంగా ఏం అడుగుతున్నారో మూడింటికీ పొంతన ఉంది. తీసినవారికి, వాడినవారికి ఉద్దేశం ఒక్కటే. డోంబ్రోవ్‌స్కిస్ తన సొంత ప్రచురణ సంస్థ వెస్ట్ విండ్ ప్రెస్ ద్వారా క్యాలెండర్లు, డైరీలు అమ్మేవారు. ఫొటోల మీద బతికే మనిషే ఉద్యమానికీ ఫొటో ఇచ్చారు. ఆ రెంటికీ వైరం ఏమీ లేదు.

ఈ పొంతన చెదిరితే ఏమవుతుందో మూడున్నర దశాబ్దాల తర్వాత మరో చిత్రం చెప్పింది. 2017లో కెనడా ఉత్తరాన సోమర్‌సెట్ ద్వీపంలో ఎముకల గూడుగా మారి కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న ధ్రువపు ఎలుగుబంటిని పాల్ నిక్లెన్, క్రిస్టినా మిటర్‌మైయర్ చిత్రీకరించారు. ఇద్దరూ సీ లెగసీ అనే సంరక్షణ సంస్థను స్థాపించినవాళ్లే. మిటర్‌మైయర్ 2005లో అంతర్జాతీయ సంరక్షణ ఫొటోగ్రాఫర్ల సంఘానికీ ప్రాణం పోశారు. అంటే ఈ రంగంలో వాళ్లకు తెలియని మెలకువ లేదు. నేషనల్ జియోగ్రాఫిక్ ఆ వీడియోను పెట్టేటప్పుడు వాతావరణ మార్పు అంటే ఇలా ఉంటుంది అన్న అర్థం వచ్చే వాక్యం తగిలించింది. సుమారు 250 కోట్ల మందికి అది చేరిందని అంచనా. ఆ ఒక్క ఎలుగుబంటి ఆకలికి కారణం వాతావరణ మార్పేనని చెప్పే ఆధారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ముసలితనం కావచ్చు, జబ్బు కావచ్చు, గాయం కావచ్చు. వాతావరణ మార్పును కాదనేవాళ్లకు ఇంతకన్నా సులువైన అవకాశం దొరకదు. 2018 ఆగస్టులో ఆ పత్రిక తన వ్యాఖ్య హద్దు దాటిందని ఒప్పుకుంది. కథనం తమ చేయి దాటిపోయిందని మిటర్‌మైయర్ కూడా రాశారు. ధ్రువపు మంచు కరుగుతోందన్నది తిరుగులేని నిజం. ఆ నిజాన్ని చెప్పడానికి వాడిన చిత్రం కింద ఒక వాక్యం అతిగా పడేసరికి చర్చ మంచు మీద నుంచి ఫొటోగ్రాఫర్ల నిజాయితీ మీదకు మళ్లింది. నేను ఇచ్చిన క్యాప్షన్ తప్ప మరోటి రాయకూడదు, మార్చాలంటే నన్ను అడగాలి అన్న షరతు ఫొటోగ్రాఫరు అహంకారంగా కనిపించవచ్చు. దాని అసలు విలువ ఇలాంటి సందర్భాల్లో తెలుస్తుంది. కెమెరా వెనక ఉన్న మనిషికి తప్ప ఆ క్షణంలో ఏం జరిగిందో మరెవరికీ తెలియదు.

రెండో షరతు చోటుకు సంబంధించింది. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నదీ ఇదే. చైనాలో గోనియురోసారస్ లూయీ అనే బల్లిజాతిని 1999లో శాస్త్రవేత్తలు వర్ణించి, అది దొరికిన చోటు ప్రచురించారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ పత్రం చదివి వెళ్లి పట్టుకుపోయారు. కొన్నేళ్లకే ఆ చోట ఆ బల్లి లేకుండా పోయింది. తర్వాత అదే తరహా జాతులను వర్ణించినప్పుడు కొందరు శాస్త్రవేత్తలు చోటు చెప్పడం మానేశారు. మన గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలిరంగు సాలీడుదీ ఇలాంటి బాధే. 1899లో గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. దాని లోహపు మెరుపే దానికి శత్రువైంది. విదేశాల్లో సాలీళ్లను పెంచుకునేవాళ్లు దానికోసం ఎగబడతారు. కడప జిల్లా లంకమల ప్రాంతంలో 1986 జనవరిలో మళ్లీ కనిపించిన కలివికోడి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1900 తర్వాత అంతరించిందనుకున్న పక్షి అది. రాత్రిపూట చిట్టడవుల్లో తిరిగే దాని ఫొటో ఎక్కడ తీశారో ఒక పోస్టరు చెప్పేస్తే, పట్టుకునేవాళ్లకన్నా ముందు టార్చిలైట్లతో, రికార్డు చేసిన కూతలతో తోటి ఫొటోగ్రాఫర్లే దిగిపోతారు. నేటి కెమెరాలు, ఫోన్లు తీసిన ప్రతి ఫైలులోనూ జీపీఎస్ అంకెలు దాగి ఉండవచ్చు. అవి సంస్థ వెబ్‌సైటుకు అలాగే ఎక్కితే గ్రామం పేరు రాయకపోయినా రాసినట్టే. పక్షుల లెక్కల వేదిక ఈ-బర్డ్ ముప్పు ఎక్కువగా ఉన్న జాతుల ఆచూకీని బయటివాళ్లకు కనిపించకుండా దాచే ఏర్పాటు చేసుకుంది. ఒక్కో ఫొటో విషయంలో ఆ పని చేయగలిగింది ఫొటోగ్రాఫరు రాసుకునే షరతే: జిల్లా పేరు దాటి చోటు చెప్పకూడదు, గూడు కనిపించే ఫొటో బయటపెట్టకూడదు, ఇచ్చే ఫైలులో జీపీఎస్ ఉండదు.

మూడోది ఫొటో అసలుదో కాదో రుజువు చేయగలగడం. హైదరాబాద్ వాసులకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టేయడం మొదలైనప్పుడు జింకల ఫొటోలు, నెమళ్ల అరుపుల వీడియోలు ఫోన్లన్నీ చుట్టేశాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపమంది. ఈలోగా కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు అసలు ఫొటోలతో కలిసిపోయాయి. ప్రచారమంతా నకిలీ చిత్రాలదేనని ప్రభుత్వం వాదించడానికి వీలు చిక్కింది. అక్కడ చెట్లు పడిపోయిన మాటా నిజమే, కొన్ని బొమ్మలు తయారుచేసినవన్న మాటా నిజమే. రెండో నిజాన్ని పట్టుకుని మొదటిదాన్ని పక్కకు నెట్టడం ఎంత సులువో ఆ వారం చూశాం. ఇలాంటి చోట బరువుండేది ఎవరు, ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో తెలిసిన ఫొటోకే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు అది ఏ పరికరం నుంచి వచ్చిందో తెలిపే ధ్రువపత్రం అడుగుతుంది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువా అందులో ఉండాలి. పేరూ ఊరూ లేకుండా పది గ్రూపులు తిరిగొచ్చిన బొమ్మకు ఆ పత్రం ఎవరివ్వగలరు? అందుకని ఫొటో కింద పేరు వేయడాన్ని ఫొటోగ్రాఫరు మీద చూపే దయగా కాకుండా సాక్షి చిరునామాగా చూడాలి. అసలు రా ఫైలు ఫొటోగ్రాఫరు దగ్గరే ఉంటుంది, సంస్థకు ఇచ్చిన ప్రతిలో ఏదీ చేర్చకూడదు, తీసేయకూడదు, కృత్రిమ మేధతో సవరించకూడదు, అర్థం మారేలా కత్తిరించకూడదు అన్న వాక్యాలు ఆ సాక్ష్యానికి రక్షణ.

చట్టం ఈ విషయంలో ఫొటోగ్రాఫరు పక్షానే ఉంది. అయితే తెలుసుకోనివాళ్లకు అది అక్కరకు రాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దాని కర్త. కాపీరైటు వారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు నడుస్తుంది. ఎవరికైనా అనుమతి ఇస్తే అది రాతలో ఉండాలంటుంది 30వ సెక్షన్. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే అన్వయిస్తుంది. హక్కులన్నీ వదులుకున్నా కూడా కర్తగా పేరు చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కంచు శిల్పాన్ని ఊడదీసి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహ్‌గల్‌కు 2005లో ఢిల్లీ హైకోర్టు కేంద్ర ప్రభుత్వం నుంచి 5 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది ఈ సెక్షన్ ఆధారంగానే. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి, పురమాయించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం పురమాయించినవాళ్లే మొదటి యజమానులు. అంటే తన ఖర్చుతో అడవికి వెళ్లి తీసి ఉచితంగా ఇచ్చినవారికి హక్కులన్నీ ఉంటాయి. సంస్థ డబ్బిచ్చి పంపితే, కాగితం లేకపోతే, ఫొటోలన్నీ సంస్థవైపోవచ్చు. దారి ఖర్చులూ భోజనమూ కూడా ప్రతిఫలమేనని రేపు ఎవరైనా వాదించవచ్చు. స్నేహంగా మొదలైన పనికే ముందుగా కాగితం కావాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఫొటో చేతులు మారే దారుల్లో మన దేశంలో కొత్తగా తెరుచుకున్నది కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజ హిత కార్యక్రమాల మీద ఖర్చు పెట్టాలి. జంతుజాలం, వృక్షజాలం రక్షణ ఆ జాబితాలో ఉంది. సంస్థలకు ఇది ఊపిరి, కాదనలేం. అయితే దాత కంపెనీ వార్షిక నివేదికకు, దాని క్యాలెండరుకు, విమానాశ్రయంలో దాని హోర్డింగుకు ఫొటోలు కావాలి. అడిగితే సంస్థ ఎలా కాదంటుంది? మడ అడవుల్లో బావురుపిల్లి కోసం ఇచ్చిన ఫొటో, తీరం వెంబడి రొయ్యల చెరువులకు మందులమ్మే కంపెనీ ప్రకటనలో తేలే వీలుంది. నల్లమల కోసం ఇచ్చిన పులి ఫొటో గనుల కంపెనీ పచ్చదనాన్ని చాటడానికి పనికిరావచ్చు. యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసేదాకా తెచ్చిన ప్రజాభిప్రాయంలో అలాంటి నల్లమల ఫొటోల పాత్ర తక్కువేమీ కాదు. అవే ఫొటోలు ఎదుటి పక్షం చేతిలో పడితే ఆ ఉద్యమం పునాదే కదులుతుంది. కాబట్టి మూడో వ్యక్తికి ఇవ్వకూడదన్న షరతు అన్నిటికన్నా ముందు రాయవలసినది. దాతకైనా, పత్రికకైనా, ప్రభుత్వ శాఖకైనా ఇవ్వాలంటే ఫొటోగ్రాఫరును విడిగా అడగాలి. సంస్థకు కూడా ఇది మేలే. దాత ఒత్తిడి చేసినప్పుడు మా చేతిలో లేదండీ, ఒప్పందం ఒప్పుకోదు అని చెప్పి తప్పుకోవచ్చు.

ఇక డబ్బు. సంరక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం చిన్నవి, జీతాలకే వెతుక్కునేవి. విదేశీ విరాళాలు తీసుకునేవాళ్లకు పరిపాలన ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. వాళ్లను ఫొటోకు వేలు అడగడం తగదన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ సంస్థ పేదదా అన్నది తప్పు ప్రశ్న. ఈ పనిలో మిగతావాళ్లకు డబ్బు ముడుతోందా అన్నది సరైన ప్రశ్న. బడి పిల్లలకు పాఠం, అటవీ సిబ్బందికి శిక్షణ, గ్రామసభలో గోడపత్రిక, వలంటీర్లు చందాలేసుకుని చేసే ఉద్యమం వీటికి ఫొటో ఉచితంగా ఇవ్వాలి, ఆలస్యం లేకుండా ఇవ్వాలి. అదే నివేదికకు డిజైనరుకు, ముద్రాపకుడికి, సలహాదారుకు, స్టార్ హోటల్లో ఆవిష్కరణ సభకు లెక్కగట్టి చెల్లించి, నివేదికను నిలబెట్టిన ఫొటోకు మాత్రం దండం పెడితే అది న్యాయం కాదు. అక్కడ సగం ధరైనా అడగాలి. నిధుల సేకరణకు ఫొటో వాడితే మూడో పద్ధతి ఉంది. 2016లో వచ్చిన రిమెంబరింగ్ ఎలిఫెంట్స్ పుస్తకానికి ఎందరో పేరున్న ఫొటోగ్రాఫర్లు చిత్రాలు ఉచితంగా ఇచ్చారు. రాబడి బార్న్ ఫ్రీ ఫౌండేషన్ ద్వారా ఏనుగుల రక్షణకు వెళ్తుందని ముందే ప్రకటించారు. ఇండోనేసియా కోతి నొక్కిన కెమెరా ఫొటోల మీద సాగిన వివాదం 2017లో రాజీకి వచ్చినప్పుడు ఫొటోగ్రాఫరు డేవిడ్ స్లేటర్ వాటి మీద మున్ముందు వచ్చే ఆదాయంలో 25 శాతం ఆ కోతుల ఆవాసాన్ని కాపాడే సంస్థలకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎంత, ఎవరికి, ఎలా అన్నవి స్పష్టంగా ఉన్నప్పుడు ఉదారత కూడా పెద్ద మొత్తంలో సాగుతుంది.

డబ్బు విషయంలో ఇంకో కోణం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన రాష్ట్రాల్లో ఈ ఫొటోలు తీసేవాళ్లలో ఎక్కువమంది ఇంకో ఉద్యోగం మీద బతికేవాళ్లు. సెలవు రోజుల్లో అమ్రాబాద్‌కో, పులికాట్‌కో వెళ్లి వస్తారు. 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు ధర 10 లక్షల రూపాయలు దాటినా జీతం భరిస్తుంది. వాళ్లకు ఫొటో మీద రాబడి అక్కర్లేదు, ఉచితంగా ఇస్తారు. అందులో తప్పు లేదు. కానీ అందరూ ఎప్పుడూ ఉచితంగానే ఇస్తే ఫొటో ధర సున్నాగా స్థిరపడిపోతుంది. అప్పుడు అడవి అంచు ఊళ్లో పుట్టి, ఏ చెట్టు మీద ఏ పిట్ట ఎప్పుడు గూడు కడుతుందో తెలిసిన చెంచు యువకుడో, కొల్లేటి లంక గ్రామం అమ్మాయో కెమెరా పట్టుకుని దీన్నే బతుకుతెరువు చేసుకునే దారి మూసుకుపోతుంది. అడవి కథ చెప్పే హక్కు జీతం ఉన్న నగరవాసులకే మిగలడం సంరక్షణకు మంచిది కాదు. రాబడి అవసరం లేనివాళ్లు కూడా చెల్లించగల సంస్థను మామూలు ధరే అడగవచ్చు. ఆ డబ్బును తిరిగి ఆ సంస్థకే విరాళంగా ఇవ్వవచ్చు. ధర నిలబడుతుంది, సంస్థకూ నష్టం లేదు.

దీనికి ఎదురయ్యే మొదటి ఆక్షేపణ నీతికి సంబంధించింది. అడవి ప్రజలది, పులి ఎవరి సొత్తూ కాదు, అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతితో తీసిన ఫొటో మీద నీ షరతులేమిటి? ఇందులో సగం నిజముంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలోకి ఫొటోగ్రఫీ కోసం వెళ్లడానికి అనుమతి ప్రజల తరఫున ప్రభుత్వం ఇచ్చేదే. 2022 సవరణ తర్వాత, ఆవాసాన్ని మార్చకుండా, దానికి హాని చేయకుండా తీసే ఫొటోలకే ఆ అనుమతి. అంటే ఫొటోగ్రాఫరుకు హక్కు కన్నా ముందు బాధ్యత వచ్చింది. గూటి ముందు కొమ్మలు నరికి, ఎర వేసి, కూతలు వినిపించి పిలిచి తీసినవాళ్లకు సంస్థ మీద షరతులు పెట్టే నైతిక అర్హత లేదు. 2018 ఏప్రిల్‌లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఒక బహుమతిని వెనక్కి తీసుకుంది. రాత్రిపూట చెదపుట్ట దగ్గర తీసిన ఆ చిత్రంలోని చీమలు తినే జంతువు గడ్డి కుక్కిన బొమ్మ అని నిపుణులు తేల్చారు. అలాంటి ఫొటోను నమ్మి వాడిన సంస్థ పరువూ పోతుంది. కాబట్టి ఒప్పందం ఇరువైపులా ఉండాలి. ఫొటో ఎలా తీశానో, జంతువు స్వేచ్ఛగా ఉన్నదో బందీగా ఉన్నదో, ఏమేం సవరించానో ఫొటోగ్రాఫరు రాసి సంతకం పెట్టాలి. పులి ఎవరి సొత్తూ కాదన్నది నిజమే గనుక, దాని పేరుతో అబద్ధం చెప్పే హక్కు ఫొటోగ్రాఫరుకూ లేదు, సంస్థకూ లేదు.

రెండో ఆక్షేపణ అత్యవసరానిది. పొక్లెయిన్లు చెరువు గట్టు మీద నిలబడి ఉంటే ఎవరు కాగితాలు రాస్తూ కూర్చుంటారు? ఇది బరువైన మాట, కానీ చట్టం దీన్ని ముందే ఊహించింది. కోర్టు వ్యవహారం కోసం ఏ రచననైనా నకలు తీసుకోవడం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదు. పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు వాడుకోవడమూ, వర్తమాన ఘటనల వార్తల్లో తగు మేరకు వాడుకోవడమూ అంతే. ప్రజాప్రయోజన వ్యాజ్యానికి ఫొటో జత చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగిలిన వాటికి పదిహేను పేజీల ఒప్పందం అవసరం లేదు. ఏ ఫొటో, ఏ పనికి, ఎప్పటివరకు, ఎవరికీ ఇవ్వకూడదు, క్యాప్షన్ ఇది, చోటు చెప్పకూడదు, పేరు ఇలా వేయాలి, అచ్చయ్యాక ఒక ప్రతి పంపాలి అన్న ఎనిమిది వాక్యాలు ముందే రాసి ఫోన్లో పెట్టుకుంటే అడిగిన నిమిషంలో మెయిల్ చేయవచ్చు. అవతలివాళ్లు ఒప్పుకున్నామని తిరిగి రాస్తే పని పూర్తయినట్టే. అత్యవసరం వచ్చాక షరతులు ఆలోచించేవాళ్లకే ఆలస్యమవుతుంది.

క్రియేటివ్ కామన్స్ ఉండగా ఇదంతా ఎందుకన్నది మూడో ప్రశ్న. 2002 నుంచి అందుబాటులో ఉన్న ఆ లైసెన్సులు ప్రపంచ విజ్ఞానానికి చేసిన మేలు అపారం. తెలుగు వికీపీడియాలో మన పక్షుల, చెట్ల వ్యాసాలకు ఫొటోలు కావాలంటే అలాంటి స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరో ఒకరు ఇవ్వాలి. గూడబాతు, పాలపిట్ట, మోదుగ, కృష్ణజింక వంటి వాటి ఫొటోలు కొన్నైనా అలా విడుదల చేయడం ప్రతి ఫొటోగ్రాఫరూ చేయదగిన పని. అయితే ఆ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, ఎవరు తీసుకుంటారో తెలియదు. వాణిజ్య వాడకం కూడదన్న రకం లైసెన్సుతో ఇస్తే వికీపీడియా తీసుకోదు, అన్నిటికీ అనుమతించే రకం ఇస్తే గనుల కంపెనీ కూడా పేరు వేసి వాడుకోవచ్చు. కలివికోడికి, నక్షత్ర తాబేలుకు, గూట్లో ఉన్న ఏ పక్షికైనా ఆ దారి పనికిరాదు. ఏ ఫొటో ఎంత ప్రమాదం తెస్తుందో చూసి తలుపు ఎంత తెరవాలో నిర్ణయించుకోవాలి.

వాట్సాప్‌లో తిరిగే ఫొటోకు షరతులేమిటన్నది ఆఖరి ఆక్షేపణ. నిజమే, ఒకసారి బయటికి పోయినదాన్ని ఎవరూ ఆపలేరు. ఏది బయటికి పోవాలన్నది మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఫైలులో దాగిన వివరాలు తొలగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే జీపీఎస్‌తో సహా అన్నీ వెళ్తాయి. ఈ చిన్న తేడా తెలియని సంస్థలు కోకొల్లలు. ప్రచారానికి చిన్న సైజు ప్రతి, అందులో చోటు వివరాలు లేకుండా, పేరూ క్యాప్షనూ ఫొటో అంచులోనే ముద్రించి ఇస్తే ఎన్ని చేతులు మారినా వాక్యం ఫొటోను వదలదు. పెద్ద ఫైలు ముద్రణకు మాత్రమే, అదీ సంతకం పెట్టినవాళ్లకే. షరతు ఉల్లంఘించినవాళ్ల మీద కేసు వేయడం ఎక్కువమంది చేయలేరు, చేయనక్కర్లేదు కూడా. సంతకం చేసిన సంస్థ తన మాట తప్పిందని తోటి ఫొటోగ్రాఫర్లకు తెలిస్తే చాలు, మరుసటి ఏడాది దానికి ఫొటోలు దొరకవు.

మొదలుపెట్టవలసిన చోటు కూడా కళ్లముందే ఉంది. ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాలకు అటవీ శాఖలు, సంస్థలు, క్లబ్బులు ఫొటో పోటీలు పెడతాయి. ఇలాంటి పోటీల నిబంధనల చివర తరచుగా ఒక వాక్యం ఉంటుంది: వచ్చిన ఎంట్రీలన్నిటి మీదా నిర్వాహకులకు పూర్తి హక్కులుంటాయని. బహుమతి రాని వందల ఫొటోలూ ఆ వాక్యంతో ఎప్పటికీ వాళ్లవైపోతాయి, వాటిలో గూళ్ల ఫొటోలూ ఉంటాయి, చోటు వివరాలూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీ శాఖలు ఈ ఏడాది పోటీ ప్రకటనలోనే ఆ వాక్యం తీసేయాలి. గెలిచిన ఫొటోలకు మాత్రమే, రెండేళ్ల గడువుతో, శాఖ సొంత అవగాహన కార్యక్రమాలకు మాత్రమే అనుమతి అడగాలి. దానితోపాటు ఒక పేజీ అనుమతి పత్రాన్ని తెలుగులో తయారుచేసి, రెండు రాష్ట్రాల్లోని సంస్థలన్నీ వాడుకునేలా తమ వెబ్‌సైట్లలో ఉంచాలి. ఫొటోగ్రాఫర్లు అంతవరకు ఆగనక్కర్లేదు. రేపు ఏదైనా సంస్థ ఫొటో అడిగితే సంతోషంగా ఒప్పుకోండి, ఆ ఎనిమిది వాక్యాలు పంపండి, వాళ్లు ఒప్పుకున్నామని రాశాకే ఫైలు పంపండి.